ఎండని ఉప్పుమడి

పూర్వం తూర్పు సముద్రతీరాన, నేడు ఎండనిమడి అని ప్రసిద్ధమైన క్షేత్రంలో, ఎర్రమ్మ అనే సాధ్వి ఒక ఉప్పుమడి సాగుచేసుకుంటూ జీవించేది. ఆమె చెల్లెలు పైడమ్మను పడమటి కొండమీద చోళ్ళు, అంటే రాగులు, పండించే రైతుకిచ్చి పెళ్ళిచేశారు. సాధ్వి అన్నానుగాని, ఆమె కడుపులో చెల్లెలిమీద ఉన్న కుళ్ళు ఆ సముద్రమంత ఉండేది.

ఆ కుళ్ళుకు కారణం రోజూ ఆకాశంలోనే కనిపించేది. ఉదయాన సూర్యభగవానుడు సహస్ర కిరణాలతో ఆ తీరజలాన్ని ఆవిరిగా పైకెత్తేవాడు. మధ్యాహ్నం సముద్రపు గాలి ఆ ఆవిరిని మబ్బులుచేసి కొండకు తోలుకుపోయేది. సాయంకాలానికి అది పైడమ్మ చేలో వానై కురిసి, మిగిలినది వాగుగా దిగివచ్చి తీరవాసుల దాహం తీర్చేది. మడిలో తేలిన ఉప్పు ఎర్రమ్మదే. అయినా తన నీళ్ళతో చెల్లెలు పచ్చగా ఉందని ఆమె పళ్ళు కొరికేది.

చివరికి ఆమె తన మడిలో మోకాలిలోతున నిలిచి పన్నెండు దినాలు సూర్యోపాసన చేయగా, స్వామి ప్రత్యక్షమై వరం కోరుకోమన్నాడు.

"ఈ తీరం నీరు ఒక్క సుక్క కూడా దాని కొండకి ఎల్లకూడదు సామీ," అంది ఎర్రమ్మ.

నీరు ఆరితేనే ఉప్పు తేలుతుందని ఉప్పు పండించే మనిషికి తెలియదా? తెలుసు. అసూయ పట్టినప్పుడు తెలిసినదేదీ అక్కరకు రాదు. స్వామి తథాస్తు అన్నాడు.

ఆనాటినుండి ఆవిరి లేవలేదు, మబ్బు పట్టలేదు. కొండమీద చోడిచేను మాడిపోతుంటే ఎర్రమ్మ తీరంనుండి రోజూ చూసి సంబరపడేది. నెల తిరిగేసరికి తీరాన ఒక్క మడిలోనూ ఉప్పు తేలలేదు, వాగు ఇంకిపోయింది, ఊరంతా దాహంతో అల్లాడిపోయింది.

అప్పుడు పైడమ్మ, కొండచెలమలో ఊరిన ఆఖరి నీటిని కడవకెత్తుకొని, పగలంతా నడిచివచ్చి అక్క ముందు దించింది. ఎర్రమ్మకు మొదట కలిగినది, దీనికింకా కడవెడు నీళ్ళున్నాయా అన్న మంటే. గటగటా తాగి కడవ దించాక చెల్లెలి పగిలిన పెదవులు చూసింది.

"నువ్వు తాగలేదేటే?"

"నీకు సాలవేమోనని, అప్పా."

ఎర్రమ్మ వెళ్ళి తన మడిలో కూలబడి ఏడ్చి, తాను కోరిన వరమేమిటో చెల్లెలికి చెప్పేసి, దాన్ని వెనక్కి తీసుకోమని స్వామిని వేడుకొంది. ఇచ్చిన వరం పూర్తిగా మరలదని, ఇకమీదట అది ఆమె నిలిచిన మడివరకే చెల్లుతుందని స్వామి సెలవిచ్చాడు. మరునాటి సాయంత్రం కొండమీద వాన పడింది. ఎర్రమ్మ మాత్రం, ఉన్న ఒక్క మడిలో ఇక ఉప్పు తేలక, బతికినంతకాలం పైడమ్మ పంపిన చోళ్ళే తిన్నది. అవి మింగడం ఆమెకు చివరిదాకా కష్టంగానే ఉండేదట.

ఆ మడి నేటికీ రోహిణికార్తెలో సైతం ఎండదు. దాని గట్టుమీద స్వామి పైకప్పులేని గుడిలో కొలువై ఉన్నాడు. రథసప్తమినాడు మనసులో కుళ్ళున్నవారు ఆ నీటిలో దిగి, ఎవరిమీద అసూయో వారి పేరు పైకి చెప్పాలి. ఏ పేరూ తన చెవిన పడకుండా అర్చకుడు దూరంగా సముద్రంవైపు తిరిగి నిలుచుంటాడు. నేనూ ఏటా వెళ్తాను. వరుస ఎప్పుడూ గుడి దాటి రేవుదాకా ఉంటుంది.