పట్టు విడిచిన రాజుగారు

ఒకానొక రాజ్యంలో, అదీ ఎండలకు రోళ్లు పగిలే రాజ్యంలో, కుంకుమపువ్వు పూయించాలని చండవిక్రమ మహారాజుగారికి బుద్ధి పుట్టింది. దూరదేశం నుంచి దుంపలు తెప్పించి నాటించారు. మాడిపోయాయి. మళ్లీ తెప్పించారు. మళ్లీ మాడాయి. ఆ కోపమంతా తోటమాలి పోలయ్య మీద చూపించి, పువ్వు పూసేదాకా చెరసాలలో ఉండమన్నారు. తోటమాలి లోపలుంటే మొక్కలకు నీళ్లెవరు పోస్తారయ్యా అని అడిగే మొనగాడేడీ?

పోలయ్య భార్య నాంచారమ్మ కోట గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది. ఆస్థాన విదూషకుడు తిప్పన ఆమెను చూసి ఆగాడు.

"ఊరుకో తల్లీ. పొద్దుగూకేలోగా నీ పెనిమిటి ఇంటికొస్తాడు" అన్నాడు.

సభలో అతను నోరు విప్పబోయేసరికే రాజుగారు మీసం దువ్వారు.

"పోలయ్య మాట ఎత్తకు! పట్టింది విడవకపోవడమే పట్టుదల. కాదన్నవాడికి వాడి పక్కనే చోటు!"

పండితులంతా "ఆహా!" అని తలలూపారు.

"చిత్తం ప్రభూ. ఇవాళ్టి నుంచి నాకూ పట్టుదలే" అంటూ తిప్పన వెళ్లి రాజుగారి పట్టు ఉత్తరీయం చెంగు గట్టిగా పట్టుకున్నాడు.

రాజుగారు లేస్తే లేచాడు. భోజనానికి వెళితే వెళ్లాడు. వీళ్ల లాగులాటలో ఉత్తరీయం కాస్తా పులుసన్నంలో పడింది. రాణిగారు నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నారు.

"వదలరా!"

"వదలను ప్రభూ. పట్టుదల."

"ఇదా పట్టుదల? మంకుపట్టు!"

"రెంటికీ తేడా ఏమిటో ఏలినవారే సెలవివ్వాలి."

"పట్టుదలైతే ఏదో ఒక పని సాగుతుందిరా! నువ్వేం సాధించావు, నా ముద్ద నోటికి పోకుండా చేయడం తప్ప?"

అనేశాక రాజుగారు ఆగిపోయారు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పోలయ్య ఇంట్లోనూ ముద్ద దిగడం లేదు ప్రభూ" అన్నాడు తిప్పన మెల్లగా. "పట్టూ విడుపూ రెండూ ఉండాలనేది మా అమ్మ. మన భాషలో పట్టుదల ఉన్నట్టే విడుదల కూడా ఉంది."

ఏం గుండెరా అతనిది! పళ్లెం ముందు కూర్చోబెట్టి రాజుగారి చేతే తీర్పు చెప్పించాడు.

రాజుగారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "పోలయ్యను విడుదల చేయండి! మన మట్టికి ఏది పూస్తే అదే వేయమనండి. ఇక వదలరా తిప్పనా!"

"ముందు ప్రభువులు వదలాలి కదా!"

"ఇదిగో, పట్టు విడిచానురా!" అంటూ రాజుగారు ఆ ఉత్తరీయాన్ని తీసి, పులుసు మరకతో సహా, తిప్పన భుజాన కప్పారు.