రాలిన ఆకు కింద బూజు

ఒకప్పుడు రాలిన ఆకు రాలినట్టే ఉండేది. కుళ్లేది కాదు, చివికేది కాదు, మట్టిలో కలిసేది కాదు. తాతల నాటి ఆకుల మీద తండ్రుల నాటి ఆకులు, వాటి మీద నిన్నటి ఆకులు. అడవిలో అడుగు పెడితే మోకాళ్ల దాకా దిగబడిపోయేవాళ్లు.

ఆ అడవి అంచున సోములమ్మ అనే ముసలావిడ ఉండేది. ఆమెకు ఓ చిన్న కొర్రచేను, దాని పక్కనే పెద్ద టేకుచెట్టు. టేకాకు చిన్నదా, చేటంత ఉంటుంది. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి చేనంతా మళ్లీ ఆకులే. ఊడ్చి ఊడ్చి ఆమె నడుము వంగిపోయింది. ఆకుల కింద మొలకలు ఎండ మొహం చూడక పాలిపోయి చచ్చిపోయేవి. ఆ ఏడు ఇంట్లో తిండిగింజలు అడుగంటాయి. మిగిలినవి విత్తనాలే.

"కాస్త ఆపకూడదా?" అని చెట్టును అడిగింది.

"రాల్చడం వరకే నా పని. కింద ఏమవుతుందో నాకేం తెలుసు?" అంది చెట్టు, ఇంకో రెండాకులు ఆమె నెత్తిన రాలుస్తూ.

గాలిని అడిగింది. గాలి ఉత్సాహంగా వచ్చి ఈ గట్టున ఉన్న ఆకులన్నీ ఆ గట్టుకు తోసింది. సాయంత్రానికి మనసు మార్చుకుని ఆ గట్టువన్నీ మళ్లీ ఈ గట్టుకే తెచ్చింది. పైగా, "ఇంకేమైనా పనుందా సోములమ్మా?" అంది.

"ఉంది. ఇటువైపు రాకుండా ఉండు," అందావిడ.

తల పట్టుకుని ఇంటికొస్తే, గుమ్మంలో బూజు కూర్చుని ఆమె మంచం నులక నములుతోంది.

ఆ రోజుల్లో బూజు ఇప్పటిలా కాదు, దూడంత ఉండేది. తెల్లగా, నూగునూగుగా, ముక్కవాసన కొడుతూ ఇల్లిల్లూ తిరిగేది. రొట్టె కనబడితే రొట్టె, చాప కనబడితే చాప తినేది. ఎక్కడికి పోయినా జనం కర్రలు పట్టుకుని తరిమేవాళ్లు.

సోములమ్మకు తిట్టే ఓపిక కూడా లేదు. "ఆ తినేదేదో ఆకులు తినరాదూ," అంది.

"ఎండాకు నాకు గొంతు దిగదవ్వా. తడిపి పెట్టాలి."

చేసేది లేక వాగు నుంచి కడవలతో నీళ్లు మోసి ఆకులు తడిపింది. బూజు ఆకుల గుట్ట ఎక్కి కూర్చుని పై ఆకు తినేసి, "అయిపోయింది," అంది.

"మరి కిందవో?"

"ఇంత లావున్నాను, ఆకుకీ ఆకుకీ మధ్య ఎలా దూరేది?" అంటూ మెడ చాచి చెట్టు మీది పచ్చాకు కొరికింది. చెట్టు గొల్లుమంది.

సోములమ్మ కడవ కింద పెట్టింది. "పచ్చాకు చెట్టుది, రాలిందే నీది. దూరలేకపోతే చిన్నగా అయిపో."

బూజుకు రోషం వచ్చింది. "చిన్నగా అయితే నన్నెవరు చూస్తారు? ఎవరు భయపడతారు?"

"ఇప్పుడు అందరూ చూస్తున్నారుగా. చూసి ఏం చేస్తున్నారు?"

బూజు వెనక్కి తిరిగి చూసుకుంది. దాని వీపు మీద కర్రదెబ్బ ఇంకా మానలేదు.

"కడుపు నిండా ఎప్పుడైనా తిన్నావా? సగం రొట్టె తినేలోపే ఎవరో ఒకరు తరుముతారు. కనబడకపోతే ఎవరు తరుముతారు?"

బూజు ఆకుకీ ఆకుకీ మధ్య సందులోకి తొంగి చూసింది. తర్వాత తనను తాను రెండు చేసుకుంది. ఆ రెంటినీ మళ్లీ చీల్చుకుంది. కోడిపిల్లంత అయింది, ఆవగింజంత అయింది, దారప్పోగు కన్నా సన్నబడింది. చివరికి అక్కడ ఏమీ లేదు.

"ఎక్కడున్నావు?" అంది సోములమ్మ. జవాబు లేదు. ఆకులన్నీ తిరగేసినా ఏమీ కనబడలేదు.

"పారిపోయింది. నాచేత నీళ్లు మోయించుకుని మరీ పారిపోయింది," అని చీపురు విసిరికొట్టింది. ఇక ఊడ్చే శక్తి లేదు. మిగిలిన విత్తనాలు ఆకుల మీదే చల్లేసి, బూజును శాపనార్థాలు పెడుతూ ఇంట్లో పడుకుంది.

వానలు పడ్డాయి. ఓ ముసురు రోజున చేను చూడబోతే, ఆకుల గుట్ట సగానికి కుంగి ఉంది. ఒక ఆకు ఎత్తింది. ఈనెలు తప్ప ఏమీ లేవు. కింద నల్లగా, మెత్తగా మట్టి. ఆ మట్టిలోంచి కొర్ర మొలకలు పచ్చగా తల ఎత్తుతున్నాయి.

సోములమ్మ అక్కడే కూలబడి మట్టికి చెవి ఆనించింది.

"ఆకు కప్పెయ్యవ్వా, ఎండొస్తే ఎండిపోతాను," అని సన్నటి గొంతు వినిపించింది.

"ఇక్కడే ఉన్నానని ఆ రోజే చెప్పొచ్చుగా," అని ఆమె విసుక్కుంది.

"చెప్పాను. గొంతు కూడా చిన్నదైపోయింది, నీకు వినబడలేదు."

సోములమ్మ ఆకును మెల్లగా కప్పి, దాని మీద చెయ్యి ఉంచి కాసేపు కూర్చుంది.

అప్పటినుంచే ఆ బూజు ఆకు రాలేదాకా ఆగుతుంది, తడిసేదాకా ఆగుతుంది. మెత్తనిదంతా తిని గట్టి ఈనెలను ఆఖరికి వదిలేస్తుంది. అందుకే వానాకాలంలో రాలిన ఆకు ఎత్తి చూస్తే వలలా ఉంటుంది. తిన్నవాళ్లు మాత్రం ఎంత వెతికినా కంటికి కనబడరు.