బిగిసిన మోకు

గోదారమ్మకు ఒక్క దండం పెట్టుకుని వినండమ్మా. ఈ కథ ఆ తల్లి ఒడ్డునే జరిగింది.

లంకరేవులో ఒక నాటుపడవ ఉండేది. సరంగు నూకయ్య దాన్ని ఒడ్డున పాతిన తాటిగుంజకు పొడవాటి మోకుతో కట్టి ఉంచేవాడు. ఆ పడవలోనే ఒక తెల్లమేక, దాని కుంటికూన కాపురం. మోకు వదులు కదా, పడవ ఒడ్డుకు దూరంగా తేలుతుండేది. ఒడ్డున పొంచి తిరిగే నక్కకు అందేది కాదు. పొద్దున్నే రేవులోని ముసలి ఎద్దు మోకు పట్టి లాగితే పడవ ఒడ్డుకొచ్చేది, మేక మేతకు దిగేది, పడవ కూనతో మళ్ళీ నీళ్ళలోకి తేలిపోయేది.

"చెల్లీ, వరదకాలం. ఆ మోకు జోలికి మాత్రం పోకు," అని ఎద్దు ఎప్పుడూ చెప్పేది. "నీరు లేస్తే పడవా లేవాలి. నూకయ్య అంత వదులు ఉంచింది అందుకే."

ఒకనాడు ఎద్దు పడవను లాగి, మేక దిగాక, తన దారిన పోయింది. పడవ ఇంకా ఒడ్డుకు ఆనుకునే ఉంది. వచ్చిందండీ నక్క, ఎక్కడలేని వినయంతో.

"అక్కా, నీ గుండె ఎంత గట్టిదే! ఇంత వదులు మోకును నమ్మి బిడ్డను నీళ్ళ మీద వదిలావా? వరదొస్తే సముద్రంలోనే వెతుక్కోవాలి."

"వదులే ఉండాలన్నాడే ఎద్దన్న?"

"ఎద్దుకేం తెలుసే పిచ్చిదానా! దానికి బిడ్డా, పాపా? మెడలో పలుపు తప్ప ఏం ఎరుగును?"

తల్లిమనసు కదమ్మా, బెదిరింది. మేక మోకును నోట కరిచి గుంజ చుట్టూ తిరిగింది. గుడి చుట్టూ తిరిగినట్టే తిరిగింది. చుట్టుచుట్టుకూ "గోదారమ్మా, నా బిడ్డను చల్లగా చూడు" అనుకుంది. వదులంతా గుంజకు ఎక్కింది. కొసను బిగించి ముడేసింది.

"అమ్మా, పడవ ఊగడం మానేసిందే?" అంది కూన.

"ఇంక భయం లేదు నాన్నా. ఇది కదలదు."

మేక మేతకు గట్టు దాటిందో లేదో, నక్క పడవలోకి దూకింది. కూన పడవ చివరికంటా వెనక్కి ఒదిగి అరిచింది. అప్పుడే, ఎగువన ఎక్కడ కురిసిందో, ఎర్రనీరు ఒక్కసారిగా పొంగింది. నీరు లేచింది, పడవ లేవలేదు. బిగిసిన మోకు దాని ముక్కుపట్టి కిందికి గుంజింది. అంచు మీదుగా నీళ్ళు దూకాయి.

"మోకు తెంపండర్రా!" నక్కే గొల్లున అరిచింది.

మేక పరుగెత్తుకొచ్చి ముడిని కొరికింది. తడిసిన ముడి రాయి అయిపోయింది. ఎద్దు రొప్పుతూ వచ్చి కొమ్ములతో గుంజను పెకలించింది. గుంజ ఊడింది, కానీ అప్పటికే పడవ మునిగింది.

తాను తీసిన గోతిలో నక్క తానే పడిందని నవ్వబోతున్నారేమో. నవ్వకండమ్మా. ఆ గోతిలో కూన కూడా ఉంది.

వరద తీశాక మేక ఆ ఒడ్డునే నిలబడింది. "గట్టిగానే కట్టానే ఎద్దన్నా. నా బిడ్డ కోసమేగా కట్టాను?"

"అవునమ్మా, బిడ్డ కోసమే," అంది ఎద్దు.

ముడి గట్టిగా వెయ్యండి తల్లీ, మోకు మాత్రం వదులుగా ఉంచండి.