నేలను అడిగిన కుక్కపిల్ల

ఒకప్పుడు, కుక్కలు మనిషి ఇంటి గడప తొక్కడం ఇంకా కొత్తగా నేర్చుకుంటున్న రోజుల్లో, వాటికి ముందూ వెనకా చూసుకోవడం తెలిసేది కాదు. నిలబడ్డ చోటే ఉచ్చ పోసేవి. అడవిలో ఎవరడుగుతారు? ఆకుల మీద పోస్తే ఆకులు ఊరుకునేవి. ఇల్లు అలా ఊరుకుంటుందా?

ఆ రోజుల్లో ఎర్రకొండ కింద సుంకులమ్మ అని ఒక రైతావిడ ఉండేది. ఆమె భర్త పేరు బీరప్ప. కట్టెలకని కొండకు పోయినప్పుడు ఆమెకు పొద దగ్గర వణుకుతూ ఒక కుక్కపిల్ల కనిపించింది. దాని తల్లిని చిరుతపులి ఎత్తుకుపోయింది. సుంకులమ్మ మనసు ఆగలేదు. కొంగులో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. కొర్రల రంగులో ఉందని కొర్రి అని పేరు పెట్టింది. పిల్లల్లేని ఇల్లు కదా, కొర్రి వచ్చాక ఆ ఇంట్లో మాటలు పెరిగాయి.

మాటలతో పాటు తడి కూడా పెరిగింది. కొర్రి చాప మీద పోసింది. పొయ్యి పక్కన పోసింది. బీరప్ప ఉతికి ఆరేసుకున్న తలపాగా జారి కింద పడితే దాని మీద కూడా పోసింది. నవ్వకండి, ఆయన నవ్వలేదు.

పోసిన ప్రతిసారీ సుంకులమ్మ కొర్రి మెడ పట్టుకుని, దాని ముక్కును ఆ తడిలో రుద్ది, వీపు మీద ఒకటి వేసేది. అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. కొర్రికి మాత్రం ఒక్కటే అర్థమైంది. "అమ్మ చూస్తుండగా పోస్తే దెబ్బలు పడతాయి. కనబడకుండా పోయాలి" అనుకుంది.

ఆ ఇంట్లో కనబడని చోటు ఒక్కటే, గాదె వెనకాల మూల. ఆ మూలలోనే విత్తనాల పాతర ఉంది. పాతర అంటే నేలలో లోతుగా తవ్విన గొయ్యి. వచ్చే ఏడు చల్లడానికి ఉంచుకున్న జొన్నలన్నీ అందులో పోసి, పైన బండ పెట్టి, మట్టితో మెత్తేస్తారు. లోపలికి చుక్క తడి పోకూడదు. పోతే విత్తనం కుళ్లిపోతుంది, ఏడాదంతా పస్తులే.

ఒక పొద్దున ఆ మట్టి తడిసి ఉండడం బీరప్ప చూశాడు. వేలు పెట్టి, వాసన చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

"ఇప్పుడు పొలం పోతున్నా. మధ్యాహ్నం వచ్చాక దీన్ని తెచ్చిన చోటే వదిలేసి వస్తా" అన్నాడు.

"అక్కడ చిరుత ఉందయ్యా."

"ఇక్కడ మన తిండి ఉంది" అని ఆయన వెళ్లిపోయాడు. అందులో తప్పేముంది? తప్పు లేదు కాబట్టే సుంకులమ్మకు ఏడుపు ఆగలేదు.

కొర్రిని ఎత్తుకుని వచ్చి వాకిట్లో చతికిలబడింది. నేల మీద అరచెయ్యి పెట్టి, "నేలతల్లీ, నా చేత కాలేదు. దీనికి నువ్వైనా చెప్పు" అంది.

అరచేతి కింద నేల కదిలినట్టయింది. ఆ తర్వాత మాట వినబడింది. చాలా లోపలి నుంచి, చాలా నిదానంగా.

"దాని ముక్కును దాని తప్పులో పెట్టావు. ఒక్కసారైనా నా మీద పెట్టనిచ్చావా?"

సుంకులమ్మ కొర్రిని కిందికి దించింది. కొర్రి ముక్కు నేలకు ఆనించింది. ఆడుతున్న తోక ఆగిపోయింది.

"అమ్మా, కింద ఎవరో ఉన్నారు" అంది కొర్రి. "ఒక కప్ప నిద్రపోతోంది. వాన వచ్చేదాకా లేపొద్దంటోంది. దాని పక్కన చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి. ఇంకెవరో మెల్లగా నీళ్లు తాగుతున్నారు."

"అది వేపచెట్టు వేరు" అంది నేల.

సుంకులమ్మ కూడా వంగి ముక్కు నేలకు ఆనించింది. నలభై ఏళ్లుగా ఆ నేలను తవ్వింది, ఊడ్చింది, దాని మీదే పడుకుంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ పోలేదు. ఇంకా రాని వాన వాసన వచ్చింది. ఎప్పుడో రాలిన గింజల వాసన, తన ముత్తవ్వ పుట్టకముందు కుళ్లిన ఆకుల వాసన వచ్చాయి. తన వాకిలి కింద ఇంత పెద్ద ఊరుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. లేచి అడుగు వేయడానికి కూడా భయమేసింది.

"ఇంతమంది ఉంటే నేనెక్కడ పోసుకోవాలి అవ్వా?" కొర్రి దిగులుగా అడిగింది.

"ముక్కు ఆనించి అడుగు. ఉన్నవాళ్లు పలుకుతారు. ఎవరూ పలకని చోట పోసుకో" అంది నేల.

"ఇక్కడ పోసుకోనా?" అంది కొర్రి.

"మా పిల్లలున్నారు" అన్నాయి చీమలు.

రెండడుగులు పక్కకు వేసింది. "ఇక్కడ?"

"నేనున్నా" అంది కప్ప, నిద్రలోనే.

"పోనీ ఇక్కడ?"

"ఇప్పుడే మొలకెత్తుతున్నా" అంది ఒక గడ్డి గింజ.

పాపం, కొర్రికి ఆగడం లేదు. గుండ్రంగా తిరిగింది. మళ్లీ తిరిగింది. చివరికి ముళ్లకంచె దగ్గర ఎవరూ పలకలేదు. హమ్మయ్య అని అక్కడ పోసుకుంది. సుంకులమ్మ ఇంట్లోకి పరిగెత్తి ఇంత సంగటి తెచ్చి దాని నోట్లో పెట్టింది.

మధ్యాహ్నం బీరప్ప తాడు పట్టుకుని వచ్చాడు. తడి ఎంత లోపలికి దిగిందోనని ముందుగా మట్టి గీకి, బండ జరిపి చూశాడు. పైన దోసెడు గింజలు పాడయ్యాయి. మిగతావి పొడిగానే ఉన్నాయి. అంతలో కొర్రి అలవాటు కొద్దీ గాదె వెనక్కి వచ్చింది. బీరప్ప తాడుకు ముడి వేశాడు.

కొర్రి పాతర అంచుకు ముక్కు ఆనించింది. లోపలి నుంచి వేల వేల చిన్న గొంతులు ఒక్కసారిగా పలికాయి. "మేమున్నాం."

కొర్రి తల దించుకుని, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. తర్వాత గిర్రున తిరిగి గడప దాటి వాకిట్లోకి ఉరికింది. కంచె దాకా పోయి, వాసన చూసి, తిరిగి తిరిగి, అప్పుడు పోసుకుంది.

బీరప్ప పాతర దగ్గరే కూర్చుండిపోయాడు. ఆయనకు ఆ గొంతులు వినబడలేదు. కానీ జానెడు లేని ప్రాణి తన విత్తనం ముందు తల దించుకుని వెనక్కి తగ్గడం కళ్లారా చూశాడు.

"అది ముక్కు ఆనించి ఏం చేసింది?" అన్నాడు, వెనకే నిలబడ్డ సుంకులమ్మతో.

"ఎవరైనా ఉన్నారా అని అడిగింది" అంది సుంకులమ్మ.

ఆయన తాడు ముడి విప్పేశాడు.

అప్పటినుంచే ఏ కుక్కైనా సరే, ఎంత ఆగలేకపోయినా, నేలకు ముక్కు ఆనించి గుండ్రంగా తిరగనిదే ఉచ్చ పోసుకోదు. మీ కుక్కపిల్లను బయటికి తీసుకెళ్లినప్పుడు అది తిరుగుతూనే ఉంటే, "ఇంకెంతసేపు" అని గొలుసు లాగకండి. కింద ఎవరో "నేనున్నా" అంటున్నారు.