వైరు లేని వాక్యూమ్, ఆరు అరల గుహ

తేనెరాళ్ల అడవిలో ఆ ఏడాది జరిగిన తప్పు ఇది: గుహ శుభ్రం కాకముందే జంతువులన్నీ తమ చీపుళ్లను వాగులో పారేశాయి.

ఆ అడవిలో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, ముంగిసలు, కుందేళ్లు, ముళ్లపందులు ఉండేవి. ఎండాకాలమంతా ఎవరి పొద వారిది, ఎవరి బొరియ వారిది. వానలు మొదలైతే వాగు పొంగి బొరియల్లోకి నీళ్లు వచ్చేవి. అప్పుడు అన్నీ గుట్ట మీది గుహలోకి చేరేవి. ఆ గుహలో గదుల్లాంటి ఆరు అరలు. మిగతా కాలమంతా అందులో గబ్బిలాలదే కాపురం. కాబట్టి వానలకు వారం ముందే జంతువులు కొండచీపుళ్లు పట్టుకుని గుహ ఊడ్చేవి.

ఊడ్చితే దుమ్ము లేస్తుంది. గబ్బిలాల రెట్ట ఎండి పొడైతే మరీ లేస్తుంది. ముంగిస మంగతాయి కూతురు జాజికి ఆ దుమ్ము పడదు. కిందటేడు వానాకాలమంతా ఆ పిల్ల దగ్గుతూనే ఉంది. ఒకరోజు ఊపిరి అందక కళ్లు తేలేసింది. ఈసారి గుహలో దుమ్ముంటే పిల్లను లోపల ఉంచడం కుదరదు. బయట ఉంచితే వరద. మంగతాయిని పట్టి పీడిస్తున్న చిక్కు అదొక్కటే.

అలాంటి సమయంలో కొండముచ్చు రంగదాసు ఒక కొత్త వస్తువు తెచ్చాడు.

అడవి అంచున మనుషులు ఖాళీ చేసి వెళ్లిన విడిది బంగళా ఒకటి ఉంది. దాని కప్పు మీద సోలార్ పలక ఇంకా పనిచేస్తోంది. ఆ బంగళాలో రంగదాసుకు వైరు లేని వాక్యూమ్ క్లీనర్ దొరికింది. చేతికర్రలాంటి పొడుగాటి గొట్టం, కింద తిరిగే బ్రష్, పైన చిన్న దుమ్ము డబ్బా, పిడి దగ్గర బ్యాటరీ. అంతే.

రంగదాసు అందరినీ చదునైన బండ దగ్గరికి పిలిచాడు. బండ మీద ఇసుక, ఎండుటాకుల పొడి చల్లాడు. మీట నొక్కాడు. వాక్యూమ్ గుయ్యిమంటూ మొత్తం పీల్చేసింది. బండ అద్దంలా మెరిసింది.

దుమ్ము రేణువు కూడా పైకి లేవలేదు. జాజి ఆ బండ పక్కనే కూర్చుని ఉంది. ఒక్కసారి కూడా దగ్గలేదు. మంగతాయి బండను చూడలేదు, పిల్లనే చూసింది.

"చూశారా," అన్నాడు రంగదాసు. "వైరు లేదు, కాలికి అడ్డం పడేది లేదు. చెట్టెక్కినా చేతిలోనే ఉంటుంది. గుహ కప్పు మీది బూజు కూడా దులపొచ్చు."

ఎలుగుబంటి బంగారమ్మ మూతి నాక్కుంది. "నేను చెదపుట్ట మీద మూతి పెట్టి పీల్చేదీ ఇలాగేరా. మా మూతికి చార్జింగ్ అక్కర్లేదు."

"అయితే ఆ మూతితో గుహ శుభ్రం చేసిపెట్టు పెద్దమ్మా."

"రుచిగా ఉన్నంతవరకు చేస్తాను," అంది బంగారమ్మ.

అందరూ నవ్వారు. మంగతాయి నవ్వలేదు. "తమ్ముడూ, ఒకసారి చార్జింగ్ పెడితే ఎంతసేపు నడుస్తుంది?" అని అడిగింది.

"నడిచినంతసేపు నడుస్తుంది."

"అది ఎంతసేపు?"

"అక్కా, కొత్త వస్తువును పాత ప్రశ్నలు అడక్కు. ఆరు అరలు నాకు ఒక్క పూట పని. వారం ముందు నుంచి హడావిడి ఎందుకు? చీమలు గుడ్లు మోసుకుంటూ గుట్ట ఎక్కడం మొదలుపెట్టాక నాకు కబురు పెట్టండి. ఇంత పని ఒక్కడినే చేస్తున్నాను కాబట్టి గాలి ఆడే పై అర నాకు ఇవ్వండి."

జంతువులు సరేనన్నాయి. ఇక చీపుళ్లతో పనేముందని వాటిని వాగులో పారేశాయి. మంగతాయి కూడా పారేసింది. బండ పక్కన దగ్గకుండా కూర్చున్న పిల్ల ఆమె కళ్లలో మెదులుతోంది. ఇంకో ప్రశ్న అడగాలనిపించలేదు.

పది రోజులకు చీమలు గుడ్లతో గుట్ట ఎక్కడం మొదలుపెట్టాయి. వానకు ఇంకా మూడు రోజులున్నాయని లెక్క.

మొదటి రోజు రంగదాసు దర్జాగా గుహలోకి దిగాడు. రాతి అంచులు పట్టుకుని పైకెక్కి కప్పు మీది బూజంతా లాగేశాడు. చీపురు ఎన్నడూ అందని మూలలు అవి. కుందేళ్లు చప్పట్లు కొట్టాయి. ఆ చప్పట్లు వినగానే రంగదాసు వాక్యూమ్‌ను పెద్ద వేగం మీద పెట్టాడు. చప్పుడు ఎంత పెద్దదైతే పని అంత గొప్పగా కనిపిస్తుందని అతని నమ్మకం.

మొదటి అర శుభ్రమైంది. రెండో అర సగంలో ఉండగా వాక్యూమ్ ఆగిపోయింది. అప్పటికి ఒక ముళ్లపంది ఒక దుంప తిని మూతి తుడుచుకునేంత సేపే అయింది.

"ఏమైంది?" అంది మంగతాయి.

"చార్జింగ్ అయిపోయింది. బంగళా పలక దగ్గర పెట్టి తెస్తాను."

సాయంత్రం దాకా పెట్టినా కొంచెమే ఎక్కింది. ఆ రోజుకు అంతే.

రెండో రోజు సగం మబ్బు. ముప్పావు చార్జింగే ఎక్కింది. రంగదాసు మళ్లీ పెద్ద వేగం మీదే పెట్టాడు. ఈసారి డబ్బా నిండిపోవడం మొదలైంది. ఆ డబ్బా కొబ్బరి చిప్పంత కూడా లేదు. నాలుగడుగులకోసారి బయటికి వెళ్లి దులుపుకొని రావాలి. ఆపైన బ్రష్‌కు ఎలుగుబంటి వెంట్రుకలు చుట్టుకున్నాయి. మంగతాయి వాటిని పళ్లతో కొరికి తీసింది.

"నా జుట్టు అంత గట్టిదని నాకే తెలీదు," అంది బంగారమ్మ కొంచెం గర్వంగా.

ఇంతలో గాలి వడకట్టే ఫిల్టర్ రెట్ట పొడితో మూసుకుపోయింది. రంగదాసు దాన్ని వాగులో కడిగి తెచ్చాడు. వాక్యూమ్‌తో పాటు తెచ్చిన పెట్టె మీద బొమ్మలున్నాయి. మంగతాయి వాటిని వేలితో చూపించింది.

"దాసూ, ఇటు చూడు. మొదట ఫిల్టర్, తర్వాత నీటి చుక్క, తర్వాత సూర్యుడు, తర్వాత చంద్రుడు. కడిగాక ఒక పగలు, ఒక రాత్రి ఆరాలని కదా అర్థం?"

"మనుషులకు భయం ఎక్కువ అక్కా. నాలుగుసార్లు విదిలిస్తే చాలు."

నాలుగుసార్లు విదిలించి తడి ఫిల్టర్‌నే బిగించాడు. వాక్యూమ్ మూలిగింది. కుళ్లిన ఆకుల కంపు కొట్టింది. మళ్లీ ఆగిపోయింది. ఈసారి చార్జింగ్ ఉండగానే ఆగిపోయింది.

జంతువులన్నీ ఒక్కసారిగా అరిచాయి. నాలుగు అరలు అలాగే ఉన్నాయి. చీపుళ్లు లేవు. కొండచీపురు గడ్డి కోతకు వచ్చేది చలికాలంలో. ఇప్పుడు వెతికినా దొరకదు.

"యంత్రం చెడితే నేనేం చేయను?" అంటూ రంగదాసు చెట్టెక్కి కూర్చున్నాడు.

"తిట్లు తర్వాత తిట్టుకుందాం," అంది మంగతాయి. "రేపు సాయంత్రానికి వాన. మన చేతిలో ఏముందో చూద్దాం."

ముందుగా ఫిల్టర్ విప్పి గాలి వీచే రాతి సందులో పెట్టింది. దాన్ని రేపు మధ్యాహ్నం దాకా ఎవరూ ముట్టుకోకూడదని ముళ్లపందిని కాపలా ఉంచింది. ముళ్లపందిని దాటి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు.

"కొండచీపురు లేకపోతే ఈత ఆకులైనా ఉన్నాయి కదా. కోసుకు రండి," అంది కుందేళ్లతో.

"నా దగ్గర ఒక చీపురుంది," అంది బంగారమ్మ మెల్లగా.

"నువ్వు పారేయలేదా పెద్దమ్మా?"

"వీపు గోక్కోవడానికి అట్టేపెట్టుకున్నాను. ఊడ్చడానికని కాదు."

"ఈ ఒక్కరోజు వీపుకు సెలవిచ్చి దాన్ని ఇలా ఇవ్వు."

ఈత ఆకుల చీపుళ్లు మొరటుగా ఉంటాయి. చేతులకు గుచ్చుకుంటాయి. అయినా బరువైన చెత్త వాటితోనే కదులుతుంది. మంగతాయి ముందు నేల మీద నీళ్లు చిలకరించమంది. తడిసిన దుమ్ము లేవదు. ఆ తర్వాతే ఊడ్చడం. రాళ్లు, ఆకులు, రెట్ట పెళ్లలు గంపలకొద్దీ బయటికి పోయాయి. అంత చెత్తను వాక్యూమ్ పీల్చాలంటే ఆ డబ్బాను వెయ్యిసార్లు దులపాలి.

మూడో రోజు మధ్యాహ్నానికి కింది అయిదు అరలూ ఊడ్చడం అయింది. నేల ఆరింది. పడమట మబ్బు నల్లబడింది.

మంగతాయి జాజిని లోపలికి తీసుకొచ్చింది. గోడలో చిన్న గూడు ఉంది. పిల్ల పడుకోవాల్సింది అక్కడ. జాజి గూట్లోకి తల పెట్టగానే దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆపకుండా దగ్గింది. మంగతాయి పిల్లను ఎత్తుకుని బయటికి పరిగెత్తింది.

చీపురు పెళ్లలను ఊడ్చింది గానీ, రాతి సందుల్లోని సన్నపొడిని తీయలేకపోయింది. కొంత పొడిని ఇంకాస్త లోపలికి నెట్టింది కూడా.

"ఇక వాక్యూమే దిక్కు," అంది మంగతాయి.

ముళ్లపంది ఫిల్టర్ తెచ్చి ఇచ్చింది. మంగతాయి దాన్ని ముక్కుకు ఆనించి చూసింది. తడి లేదు. బిగించి మీట నొక్కింది. వాక్యూమ్ మామూలుగా పలికింది. కానీ బ్యాటరీ మీద వెలగాల్సిన నాలుగు చుక్కల్లో రెండే వెలుగుతున్నాయి. ఇక ఎండ వచ్చే ఆశ లేదు.

"మా అర ముందు," అన్నాయి కుందేళ్లు.

"మాది పెద్ద అర," అంది ముళ్లపంది.

రంగదాసు కూడా చెట్టు దిగి వచ్చాడు. "నా పై అర అసలు ముట్టుకోనే లేదు. వస్తువు తెచ్చింది నేను."

మంగతాయి అందరి వైపూ ఒకసారి చూసింది. "నేలలు చీపురుతో అయిపోయాయి. ఇక పిల్లలు పడుకునే గూళ్లు మాత్రమే. అన్ని అరల్లోని గూళ్లూ చేస్తాను. పెద్దవాళ్లు ఒక తుమ్ము తుమ్మితే కొంపలేం మునగవు."

"మరి నా అర?" అన్నాడు రంగదాసు.

"ఈత చీపురు అక్కడుంది తమ్ముడూ. నీళ్లు వాగులో ఉన్నాయి. వానకు ఇంకా గంటుంది."

"నేను చీపురు పట్టాలా?" అన్నాడు రంగదాసు. మళ్లీ చెట్టెక్కాడు.

మంగతాయి వాక్యూమ్‌ను చిన్న వేగం మీద పెట్టింది. చప్పుడు తగ్గింది, చప్పట్లూ లేవు. పెట్టెలో ఉన్న సన్నని మూతి తగిలించి ఒక్కో సందులో నెమ్మదిగా పోనిచ్చింది. చెయ్యి నొప్పెట్టింది. బ్యాటరీ బరువంతా పిడి దగ్గరే ఉంటుంది మరి. చెయ్యి మార్చుకుంది. కుందేలు పిల్లల గూడు అయింది, ముళ్లపంది పిల్లలది అయింది, ఎలుగు కూనలది అయింది. ఒక చుక్క ఆరిపోయింది. తన పిల్ల గూడు చివరిది.

"ముందు నీది చేసుకోవే," అంది బంగారమ్మ.

"చిన్న వేగంలో సరిపోతుంది పెద్దమ్మా. లెక్క చూసుకునే మొదలుపెట్టాను."

జాజి గూడు పూర్తవుతుండగా రెండో చుక్క మిణుకుమంది. మంగతాయి ఆఖరి సందు కూడా పీల్చి, డబ్బాను బయటికి తీసుకెళ్లి గాలివాటం చూసి దులిపింది. అప్పటికి మొదటి చినుకులు పడ్డాయి.

జాజి గూట్లోకి తల పెట్టింది. లోపలికి ఒక శ్వాస తీసుకుంది. అందరూ ఆ పిల్ల మూతినే చూస్తున్నారు. ఇంకో శ్వాస తీసుకుంది. గూట్లో మూడుసార్లు గుండ్రంగా తిరిగి ముడుచుకుని పడుకుంది.

"ఆకలేస్తోందమ్మా," అంది.

మంగతాయి వెళ్లి గుడ్డు తెచ్చి ఇచ్చింది.

ఆ వానాకాలం బాగానే గడిచింది. జాజి ఒక్కరోజు కూడా దగ్గుతో మంచం పట్టలేదు. రంగదాసు మాత్రం పై అరలో గబ్బిలాల రెట్ట మధ్య తుమ్ముతూ కూర్చున్నాడు. నెల దాటాక తనే ఈత చీపురు అడిగి పట్టుకెళ్లాడు.

వానలు వెలిశాక జంతువులు వాక్యూమ్‌ను మంగతాయికి అప్పగించాయి. చలికాలంలో కొండచీపురు గడ్డి కోసి కొత్త చీపుళ్లు కట్టాయి. మంగతాయి వాక్యూమ్ తీసుకుని ఒక నిర్ణయం చెప్పింది.

"చిన్న వేగంలో వాడతానంటే రోజూ ఎవరికైనా ఇస్తాను. కానీ ఫిల్టర్ ఆరే రోజు దీనికి సెలవు. ఆ రోజు ఎవరు అడిగినా ఇవ్వను."

"ఎవరడిగినా ఇవ్వవా?" అన్నాడు రంగదాసు.

"ఎవరడిగినా."

మరుసటి ఎండాకాలం సరిగ్గా ఫిల్టర్ ఆరే రోజున పక్క కొండ మీది పులి వచ్చింది. తన గుహలో బూజు పట్టిందట, వాక్యూమ్ కావాలంది. కుందేళ్లు పొదల్లో దూరాయి. రంగదాసు చెట్టు చిటారుకు ఎక్కాడు.

"రేపు మధ్యాహ్నం రండి, తప్పకుండా ఇస్తాను," అంది మంగతాయి. "ఈలోపు పెద్ద చెత్త తీసేసి ఉంచండి, మీకే పని తగ్గుతుంది."

అని కొత్త కొండచీపురు ఒకటి పులి చేతిలో పెట్టింది. పులి ఆ చీపురును అటూ ఇటూ తిప్పి చూసింది. మంగతాయి కదల్లేదు. పులి చీపురు పట్టుకుని కొండెక్కింది.

నీతి: పనిముట్టు ఏం చేయగలదో చూసి మెచ్చుకో. ఏం చేయలేదో తెలుసుకుని వాడుకో.