తాటిబుర్రల బండికి కట్టిన తాడు

ఎవరైనా ప్రశ్న అడిగితే వరహాలమ్మగారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. ముందు అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. పని సగమయ్యేసరికి చాలామందికి ప్రశ్న మారిపోయేది. కొందరికి అసలు ప్రశ్నే ఉండేది కాదు. ఆవిడ మా బడిలో ఒకటో తరగతి చెప్పేవారు. గోడకి ఇవతల నేను రెండో తరగతి చెప్పేదాన్ని. కనుక ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, కిటికీలోంచి నేను చూసిందే.

ఆ జూన్‌లో హైమవతి అని కొత్త టీచరు వచ్చింది. విశాఖపట్నంలో పుట్టి పెరిగిన పిల్ల. వరహాలమ్మగారి దగ్గర ఒక ఏడాది పని నేర్చుకోమని పంపారు. వచ్చిన మొదటి వారంలోనే ఆ పిల్లకి ఒక బెంగ పట్టుకుంది. ఆ బెంగ పేరు దానేసు.

దానేసుకి ఐదేళ్ళు. వాళ్ళమ్మ ఢిల్లేశ్వరి జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టేది. రోజూ పొద్దున్నే వాణ్ణి గేటు దాకా తెచ్చేది. వాడు గేటు ఊచ పట్టుకున్నాడంటే ఇక వదిలేవాడు కాదు. హైమవతి లోపలినుంచి చెయ్యి పట్టి లాగేది, తల్లి బయటినుంచి వీపు మీద నెట్టేది, మధ్యలో వాడు వీధి చివరికి వినపడేలా ఏడ్చేవాడు. చివరికి ఆలస్యమైపోతోందని తల్లి వాణ్ణి చంకనేసుకుని కార్ఖానాకి పరుగెత్తేది. అక్కడ పొగ, చర్మం కాల్చే జీడినూనె. పిల్లల్ని ఇక లోపలికి రానివ్వనని మేస్త్రీ చెప్పేశాడు. ఆ శుక్రవారం ఢిల్లేశ్వరి గేటు దగ్గరే నిలబడి, ఈ పూట కూడా గుంటడు లోపలికి రాకపోతే కొండకింద ఊళ్ళో తన తల్లి దగ్గర దింపేస్తానని, నెలకోసారి వెళ్ళి చూసుకుంటానని అంది. అని, మొహం అటు తిప్పుకుంది.

హైమవతి గబగబా వరహాలమ్మగారి దగ్గరికి వచ్చింది.

"లాగితే ఏడుస్తున్నాడు, వదిలేస్తే వెళ్ళిపోతాడు. ఎంత బలం పెట్టాలమ్మా ఈ పిల్లవాడికి?"

వరహాలమ్మగారు అప్పుడు పిల్లలచేత ఆవరణలో తాటిబుర్రల బండ్లు తోయిస్తున్నారు. అది చూడనివాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ముంజలు తినేశాక మిగిలిన రెండు బుర్రల మధ్య ఒక పుల్ల గుచ్చుతారు, అదే ఇరుసు. కొస చీలిన పంగలకర్రని వెనకనుంచి ఆ ఇరుసుకి ఆనించి, తోస్తూ పరుగెత్తుతారు. కర్రని దేనికీ కట్టరు. కిటుకంతా అందులోనే ఉంది. ఆవిడ ఆ బండిని ఒకసారి ఇసకలో, ఒకసారి సిమెంటు వరండా మీద తోయించి, ఎక్కడ చెయ్యి నొప్పెట్టిందర్రా అని మాత్రం అడిగేవారు. బలం, చలనం లాంటి మాటలు ఆ తరవాతెప్పుడో, నిదానంగా వచ్చేవి.

హైమవతి ప్రశ్న విని ఆవిడ ఒక బండి చూపించారు.

"ముందు దీన్ని బావి దాకా తీసుకెళ్ళు."

ఈ తొందరలో ఇదేమిటన్నట్టు చూసింది ఆ పిల్ల. అయినా పెద్దావిడ మాట. పిల్లలెలా తోస్తున్నారో చూసే ధ్యాస లేదు, కర్ర పట్టుకుని లాగింది. కర్ర ఒక్కటీ చేతికొచ్చింది, బండి ఉన్నచోటే ఉంది. ఊడిపోయిందనుకుంది కాబోలు, స్తంభానికి వేలాడుతున్న తాడు విప్పి, ఇరుసుకి బిగించి ముడివేసి లాగింది. బండి దొర్లేకొద్దీ తాడు ఇరుసుకి చుట్టుకుపోయింది. బుర్రలు వచ్చి మడమలకి కొట్టుకుని పక్కకి ఒరిగాయి. టీచరమ్మకి బండి తోలడం రాదర్రా అని ఒకత్తె అందరికీ చాటింపు వేసింది. చూపిద్దామని ముందుకొచ్చినవాళ్ళని వరహాలమ్మగారు కళ్ళతోనే ఆపారు. హైమవతి చెవులు ఎర్రబడ్డాయి. తాడు విప్పి, ఇంకా గట్టిగా కట్టి, మళ్ళీ లాగింది.

నేను ముందు గమనించింది ఏమిటంటే, గేటు దగ్గర ఏడుపు వినపడటం లేదు. ఊచల మధ్య దానేసు మొహం ఉంది. బండి మళ్ళీ ఒరిగింది. వాడు వాళ్ళమ్మ వంక చూశాడు, ఈ అన్యాయం నీకు కనపడటం లేదా అన్నట్టు. ఒక చెయ్యి ఊచ వదిలింది. కాసేపటికి రెండోది. ముక్కు తుడుచుకుంటూ వచ్చి హైమవతి ముందు నిలబడ్డాడు.

"అలాగ్గాదు టీచర్. తాడు తీసీయండి. ఎనకనుంచి తొయ్యాల."

ముడి చేత్తో రాలేదు. ఇసకలో చతికిలబడి పళ్ళతో విప్పాడు. పంగలకర్ర ఆనించి, మొదట పొట్టతో కూడా అదిమి తోశాడు. బండి కదిలాక ఇక అదిమే పని లేకపోయింది, వెంట పరుగెత్తడమే. బావి చుట్టూ తిరిగొచ్చి కర్ర కొత్త టీచరుకిచ్చి, పైకెత్తితే జారిపోద్దని హెచ్చరించాడు. ఈసారి హైమవతి తోస్తే బండి వెళ్ళింది. వాడు పక్కనే పరుగెత్తుతూ, నెమ్మది, నెమ్మది అంటున్నాడు.

గేటు బయట ఢిల్లేశ్వరి రెండు చేతులూ ఖాళీగా నిలబడిపోయింది. కొడుకు వెనక్కి చూడలేదు. ఎక్కడ చూస్తాడోనని చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెనక్కే కొంచెం నడిచి, మలుపు దాటాక చెంగు బిగించి పరుగందుకుంది. రెండో తరగతికి ఎక్కం ఎక్కడ ఆపానో మరిచిపోయాను.

"బండి దానంతట అదే కదిలిందా?" అని వరహాలమ్మగారు అటువైపు పిల్లల్ని అడుగుతున్నారు. దానేసు తోశాడండీ అని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. అందులో దానేసు గొంతు కూడా ఉంది.

సాయంత్రం బడి వదిలాక హైమవతి నవ్వుతూనే నిలదీసింది. ఎంత బలం పెట్టాలని అడిగితే మీరు జవాబే చెప్పలేదంది.

వరహాలమ్మగారు ఇసకలో పడి ఉన్న తాడు తీసి, దులిపి, చుట్ట చుట్టి ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"దాచుకో అమ్మా. బావిలో చేదకి పనికొస్తుంది."