పొడుం కాయ వదిలి కాశీకి పోయినాయన

జరగండర్రా. నలుగురూ నా ఒక్క దిండు మీదే పడితే నా తల ఎక్కడ పెట్టుకోను, చూరుకి వేలాడదియ్యనా? ఆఁ, అలా పడుకోండి. ఇందాక మీ బాబాయి కడుపునొప్పని పనికి వెళ్ళకుండా నాలుగు గారెలు తింటుంటే నేనొక మాటన్నాను. "పొడుం కాయ వదిలి కాశీకి పోయాట్ట" అని. మీరంతా నా మొహం చూశారు. అది ఊసుపోక పుట్టిన మాట కాదర్రా, ఒక మనిషి ప్రాణం మీదికొచ్చి పుట్టిన మాట. చెప్తాను. ఊ కొట్టండి మరి. కొట్టకపోతే నేను నిద్రపోతాను, నాకేం నష్టం లేదు.

అనగనగనగా, మా అమ్మమ్మకి అమ్మమ్మ ఇంకా పుట్టని రోజుల్లో, ఏటి ఒడ్డున ఆకులగరువని ఒక ఊరు. ఊరు చుట్టూ తమలపాకు తోటలే. ఆ తోటలన్నిట్లోకీ పెద్దది లోవయ్యది. రాజుగారు నమిలే ఆకు కూడా ఆ తోటదే. లోవయ్యకి భార్య లేదు, ఒక్కడే కొడుకు అమ్మిరాజు, కోడలు పేరంటాలు. అమ్మిరాజు మంచివాడు. అంటే ఏముంది, ఎవరేం చెప్పినా నమ్మేవాడన్నమాట.

ఇక లోవయ్య సంగతి. ఆయనకి ఒక్కటే అలవాటు, ముక్కుపొడుం. మారేడు కాయ దొలిచి చేయించుకున్న పొడుం కాయ ఒకటుండేది. మంచం దిగితే పొడుం కాయ, గుమ్మం దాటితే పొడుం కాయ, ముద్ద మింగితే పొడుం కాయ. పీల్చాక మూడంటే మూడే తుమ్ములు. మొదటి తుమ్ముకి చెట్టు మీద కాకులు లేచేవి, రెండో తుమ్ముకి పక్కింట్లో పసిపిల్ల లేచేది, మూడో తుమ్ముకి పగలల్లా నిద్రపోయే కరణం లేచేవాడు. ఆపైన "హరహరా!" అని ఒక్క కేక. పేరంటాలు కాపురానికొచ్చి రెండేళ్ళు. అందులో ఏడాది వంట చేసింది, ఏడాది ఆ పొడుం కాయ వెతికింది. ఒకసారి పెళ్ళికని పడవెక్కి, ఏరు సగం దాటాక కాయ మర్చిపోయానని పడవ వెనక్కి తిప్పించాడు మహానుభావుడు. వీళ్ళు వెళ్ళేసరికి పెళ్ళైపోయింది, భోజనాలైపోయాయి, ఆకులెత్తేశారు.

ఊ కొడుతున్నారా? ఊ.

లోవయ్యకో తమ్ముడు. పేరు సత్తెయ్య. ఏం చేస్తాం, పేరు పెట్టేనాటికి పిల్లాడి బుద్ధి తెలీదు కదా. నుదుటి నిండా విభూది, మెడ నిండా రుద్రాక్షలు, నోటి నిండా శివశివ. చీమని తొక్కితే ఆ పూట అన్నం తినడు. తన వాటా మెరక పొలం ఎప్పుడో అమ్ముకు తినేశాడు. ఇంక తినడానికి మిగిలింది అన్న వాటాయే కదా, పాపం!

ఒకసారి పేరంటాలు చెల్లెలికి బారసాల. మొగుడూ పెళ్ళాలు వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చారు. వచ్చేసరికి అరుగు మీద లోవయ్య కూర్చునే పీట మీద సత్తెయ్య కూర్చుని ఉన్నాడు, కళ్ళ నిండా నీళ్ళు.

"అన్నయ్య కాశీకి పోయాడమ్మా," అన్నాడు.

ఎలా పోయాడంటే, వినండి. అన్నయ్యకి కలొచ్చిందిట, కల్లో శివుడొచ్చాడుట, శివుడొస్తే వైరాగ్యమొచ్చిందిట, వైరాగ్యమొస్తే కాశీ గుర్తొచ్చిందిట, కాశీ గుర్తొస్తే తోట గుర్తొచ్చిందిట, తోట గుర్తొస్తే తమ్ముడు గుర్తొచ్చాడుట. కన్నకొడుకు మాత్రం గుర్తు రాలేదుట. ఎంత గొప్ప వైరాగ్యమో చూశారా? తోట తమ్ముడికిచ్చేసినట్టు వేలిముద్ర వేసిన కాగితం కూడా చూపించాడు. అమ్మిరాజు ఆ కాగితం కళ్ళకద్దుకుని ఏడ్చాడు. ఊరూ ఏడ్చింది. కాశీకి పోయినవాళ్ళ కోసం ఏడిస్తే మనకీ సగం పుణ్యం వస్తుందిట, ఖర్చు లేని పని.

పేరంటాలు మాత్రం కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళింది. మంచినీళ్ళు ముంచుకుందామని కుండ దగ్గరికెళితే, పక్కన గూట్లో పొడుం కాయ కనిపించింది. తీసి ఊపి చూసింది. నిండా ఉంది.

ఏటి అవతలి పెళ్ళికి పడవ తిప్పించిన మనిషి, కాశీకి ఇది లేకుండా వెళ్తాడా? ఆ కాయ కొంగున ముడేసుకుంది. తండ్రి లేని పిల్ల అది. కాపురానికొచ్చిన మొదటిరోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తే, ఒక్కమాట అనకుండా రెండోసారి వడ్డించుకు తిన్నాడు ఆ ముసలాయన. అది మర్చిపోతుందా?

మొగుడితో చెప్పింది. కొత్తది కొనుక్కున్నాడేమో అన్నాడు అమ్మిరాజు. కరణంతో చెప్పింది. వైరాగ్యమంటేనే అన్నీ వదలడమమ్మా, నీకు శాస్త్రం తెలీదన్నాడు కరణం. పూజారితో చెప్పింది. శివుడే ఆ దురలవాటు మాన్పించి ఉంటాడు, దణ్ణం పెట్టుకో అన్నాడు పూజారి. ఇలా ఊళ్ళో తెలివైనవాళ్ళందరూ తలో తెలివీ చెప్పి పంపేశారు.

ఆఖరికి సత్తెయ్యనే అడిగింది. "చినమావయ్యగారూ, మావయ్యగారు పొడుం కాయ ఇక్కడే వదిలేసి వెళ్ళారేంటండీ?"

సత్తెయ్య రుద్రాక్షలు తిప్పుతూ చెప్పాడు. "సర్వం వదిలేశాడమ్మా. నేనడిగాను కూడా, పొడుం కాయ వద్దా అన్నయ్యా అని. మాయ రా తమ్ముడూ, అంతా మాయ అన్నాడు."

"ఎప్పుడు పీల్చడం మానేశారండీ?"

"కలొచ్చిన పొద్దున్నే!"

"అలాగాండీ," అని వచ్చేసింది. ఒక్క పూట పొడుం అందకపోతే ఎద్దులా రంకెలేసే మనిషి మాయ గురించి మాట్లాడాడుట! పేరంటాలు ఆ రోజునుంచీ సత్తెయ్య మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

తోట చివర పాత మిరపకాయల కొట్టొకటుంది. ఏడాదికోసారి తప్ప తెరవరు. దానికి ఇప్పుడు కొత్త తాళం పడింది. ఎందుకంటే అందులో దెయ్యం చేరిందిట, సత్తెయ్యే చెప్పాడు. నిజమే, ఆకు కోసేవాళ్ళు కూడా విన్నారు. లోపల్నుంచి "ఊఁ... ఊఁ..." అని మూలుగు. మీరు కొడుతున్నారే, సరిగ్గా అలాగే. దెయ్యమే ఊ కొడుతోందని జనం అటు వెళ్ళడం మానేశారు. సత్తెయ్య ఒక్కడే, పాపం, ఊరి మేలు కోరి, రోజూ పొద్దున్నే దెయ్యానికి నైవేద్యం పట్టుకెళ్ళేవాడు. ఏం నైవేద్యం? గంజి.

పేరంటాలు నీళ్ళ బిందెతో అడ్డదారినొచ్చి చూసేది. మొదట్లో ముంత నిండా గంజి. నాలుగు రోజులకి సగం ముంత. పదో రోజుకి అడుగున రెండు గుక్కలు. దెయ్యాలు కోళ్ళడుగుతాయి, కల్లు అడుగుతాయి. గంజి తాగే దెయ్యం, అందులోనూ రోజురోజుకీ ఉపవాసం ఎక్కువ చేసే దెయ్యం, ఎక్కడైనా ఉందిటర్రా?

ఒకరోజు ధైర్యం చేసి తలుపు దాకా వెళ్ళి "మావయ్యగారూ" అంది నెమ్మదిగా. లోపల మూలుగు పెద్దదైంది. ఇంతలో సత్తెయ్య పాలేరు కర్ర పట్టుకొచ్చి తరిమేశాడు. ఇంటికొచ్చి చెబితే, "దెయ్యాలు వరస కలిపి పిలిస్తే పలుకుతాయే, నువ్వెందుకు పిలిచావు?" అని అమ్మిరాజు దాన్నే కోప్పడి, నుదుట విభూది పెట్టాడు. మొగుడు కదా, ఏమీ చెయ్యలేదని అనకూడదు.

మర్నాటికి మూలుగు కూడా సన్నబడిపోయింది. ఇంక ఒకటి రెండు రోజులే అనుకుంది పేరంటాలు. ఆ పూట అన్నం సయించలేదు దానికి.

అయితే ఆ మర్నాడే రాజుగారొచ్చాడు. కొత్త ఆకు కోతకి ఏటా వచ్చి, తోటలోనే తాంబూలం వేసుకోవడం ఆయనకి ఆనవాయితీ. రాజుగారికి మీసాలు చాలా పెద్దవి. పౌరుషమంతా వాటిలోకే పోయింది, మిగతా ఒంటికి చాలలేదు. మిట్టమధ్యాహ్నం పందిట్లో కూర్చున్నాడు, ఊరంతా చుట్టూ చేరింది. ఆకుల పళ్ళెం పట్టుకుని వెళ్ళిన పేరంటాలు దణ్ణం పెట్టి అంది కదా, "మహారాజా, మా తోటలో దెయ్యం చేరింది. తమరి మీసం చూస్తే పారిపోతుందని ఊరంతా అనుకుంటున్నారు."

ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. కానీ అంతమంది ముందు కాదని ఏ రాజు అంటాడు? గుటక మింగి, మీసం దువ్వి, లేచాడు. సత్తెయ్య గబగబా అడ్డమొచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "వద్దు ప్రభూ! మొండి దెయ్యం, పట్టిందంటే వదలదు!" "అయితే దూరం నుంచే చూద్దాం," అన్నాడు రాజు, ఎంతో సంతోషంగా.

అందరూ కొట్టుకి ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయారు. పేరంటాలు ఒక్కతే ముందుకెళ్ళింది. కొంగు చాటునుంచి ఒకటి తీసింది. ఏం తీసిందనుకున్నారు, కత్తా? కాదు, పొయ్యి దగ్గరి ఊదుగొట్టం. పొడుం కాయ మూత తీసి, పొడుమంతా ఆ గొట్టంలో పోసింది. తలుపు కింద కంతలో గొట్టం పెట్టి, పచ్చి కట్టెల పొయ్యి రెండేళ్ళు ఊదిన ఊపిరంతా బిగబట్టి, ఒక్క ఊదు ఊదింది.

ఏమీ లేదు. చడీచప్పుడూ లేదు. సత్తెయ్య మొహం విచ్చుకుంటోంది. పేరంటాలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆలస్యం చేశానేమోనని.

అప్పుడు... హాఛ్!

ఆ దెబ్బకి లోపలి మనిషి నోట్లో కుక్కిన గుడ్డ ఎగిరి తలుపుకి కొట్టుకుంది. హాఛ్! కాకులు లేచాయి. హాఛ్! కరణం ఉలిక్కిపడ్డాడు. ఆపైన సన్నగా, నూతిలోంచి వచ్చినట్టు, "హరహరా!"

ఆ తుమ్ము తెలీనివాళ్ళు ఆ ఊళ్ళో ఎవరు?

సత్తెయ్య మాత్రం ఇంకా పట్టు వదల్లేదు. "చూశారా! అన్నయ్య గొంతు నేర్చేసుకుంది పాపిష్టి దెయ్యం!"

"గొంతు నేర్చుకుంటే నేర్చుకుంది, దానికి తుమ్ములెందుకు వచ్చాయి చినమావయ్యగారూ?" అంది పేరంటాలు. "చచ్చినవాళ్ళకి ముక్కు కూడా దురద పెడుతుందా?"

లోపల్నుంచి ఓపిక లేని గొంతు, అయినా కోపంగా వినిపించింది. "ఎవరే అది? పొడుమంతా పారబోశారు!"

అంతే, పేరంటాలు ఏడుస్తూ నవ్వేసింది. రాజుగారు దెయ్యం కాదని రూఢి చేసుకున్నాక, చాలా ధైర్యంగా తలుపు పగలగొట్టమన్నాడు. లోపల లోవయ్య, కాళ్ళూ చేతులూ తాళ్ళతో కట్టేసి, మిరపకాయల గోనెల మధ్య ఎముకల గూడులా పడున్నాడు. బలవంతంగా వేలిముద్ర వేయించుకున్న బొటనవేలికి సిరా మరక ఇంకా పోలేదు. అమ్మిరాజు నాన్నా అని కూలబడిపోయాడు. పేరంటాలు కట్లు విప్పి, మామగారి తల ఒళ్ళో పెట్టుకుని, కొంగు తడిపి పెదాలు తుడిచింది. ఆయన దాని మొహంలోకి చూసి, "నువ్వొస్తావనుకున్నానమ్మా," అన్నాడు.

ఇదేం పనిరా అని రాజు అడిగితే సత్తెయ్య ఏమన్నాడో తెలుసా? "నేను చంపలేదు ప్రభూ, నాకు హింస పడదు. గంజి తగ్గించానంతే. పోతే ఆకలితో పోయేవాడు, నా చేతికి పాపం అంటేది కాదు." ఎంత భక్తుడో!

రాజు తల తీయించేస్తానన్నాడు. లోవయ్య వద్దన్నాడు, తోడబుట్టినవాడు కదా. అప్పుడు రాజు, జన్మలో ఒక్కసారి తెలివిగా, తీర్పు చెప్పాడు. "తోట కావాలన్నావుగా, ఆకు మీ అన్నది, చాకిరీ నీది. కావిడెత్తుకుని బతికున్నన్నాళ్ళూ దీనికి నీళ్ళు మొయ్యి." తమలపాకు తీగకి రోజూ కడవల కొద్దీ నీళ్ళు పొయ్యాలర్రా. కావిడి కింద భుజాలు కాయలు కాసి, సత్తెయ్యకి మొదటిసారి ఒంటి నిండా నిజం తెలిసింది.

ఇక ఊళ్ళోవాళ్ళ సంగతి. సాయంత్రమయ్యేసరికి కరణం, నేను ముందే అనుమానించాను అన్నాడు. పూజారి, నాకు శివుడు ముందే చెప్పాడు అన్నాడు. అమ్మిరాజు కూడా ఏదో అనబోయి, పెళ్ళాం మొహం చూసి, మంచినీళ్ళు తెమ్మంటావా అన్నాడు. ఏడాది తిరిగేసరికి అంతకంటే తెలివైన మాటలు కూడా నేర్చుకున్నాడు లెండి. ఆకు కొనడానికొచ్చిన బేరగాళ్ళు ఈ సంగతి విని, ఊరూరా చెప్పుకుంటూ పోయారు. అప్పట్నుంచీ ఎవరైనా నున్నటి అబద్ధమాడితే, పొడుం కాయ వదిలి కాశీకి పోయాట్ట అని ముక్కు మీద వేలేసుకోవడం మొదలైంది.

పేరంటాలు మామగారికి ఒక్కసారిగా అన్నం పెట్టలేదు. మొదట చెంచాడు జావ, తర్వాత గరిటెడు, తర్వాత గిన్నెడు. నెల్లాళ్ళకి ఆయన తన కాళ్ళ మీద నడిచి తోటకెళ్ళి, మొదటి కట్ట ఆకు తనే కోసుకొచ్చి కోడలి చేతిలో పెట్టాడు. ఆ ఇల్లు చల్లగా ఉంది. అందుకే చెప్తున్నా వినండి. పదిమందీ తలూపుతున్నారని మీరూ తలూపకండి. మన మనిషి ఏం చేస్తాడో, ఏం చెయ్యడో మనకి తెలియాలి. వాళ్ళ అలవాట్లు చూసి విసుక్కోవచ్చు, మర్చిపోకూడదు.

ఊ కొడుతున్నారా? ఎవరూ కొట్టరేం? సరే, నిద్రపోయారు గడుగ్గాయిలు. కథ కంచి దారి పట్టింది, ఇంక నా దిండు నాకొదిలితే నేనూ నిద్ర దారి పడతాను.